ఖండస్ఫుటితనవకర్మము : కన్నెమరా గ్రంథాలయ భవనచరిత్రము

మన ప్రాచీనదానశాసనములను జదువువారికి 'ఖండస్ఫుటితనవకర్మ' యను సమాసము మిక్కిలి పరిచితము. దేవాలయమునకుఁ గాని, జైనవసతికిఁ గాని, మఠమునకుఁ గాని భూమి నొసఁగిన రాజు ఆ భూమివలన వచ్చు ఫలమును దేనిదేనికి వినియోగింపవలయునో చెప్పునపుడు బలిచరుసత్రాదులతోపాటు ఈ మాటను గూడఁ జేర్చించుచుండెను. వేంగీచాళుక్యుల శాసనములందును, రాష్ట్రకూటుల శాసనములందును ఇట్టి వాక్యములు గలవు. ఖండము విఱిగినది, స్ఫుటితము పగిలినది, వానిని మరలఁ గ్రొత్తగాఁ జేయుట నవకర్మము. దాత గుడి కట్టిననాఁడే అది యొకనాఁడు బీఁటలువాఱు నని యెఱిఁగి, ఆ బీఁట పూడ్చుటకుఁ గావలసిన సున్నపువెలను గూడ దానపత్రముననే వ్రాయించెను. దానముకంటెఁ బాలనమే శ్రేయస్కర మను నర్థముగల శ్లోకములు శాసనాంతములందుఁ గానవచ్చుటయు నిందులకే.

మనము గ్రంథాలయముల చరిత్రము వ్రాయునపుడు స్థాపకులపేళ్లు, ప్రారంభోత్సవమునకు వచ్చిన పెద్దలపేళ్లు, విరాళముల మొత్తములు, పుస్తకసంఖ్యలు వ్రాయుదుము. గోడనుగుఱించియు, మిద్దెనుగుఱించియు, చోటు చాలకపోయిన దినమునుగుఱించియు వ్రాయుట యరుదు. పుస్తకమునకు శత్రువులలో అగ్నిని, చెదలను, దొంగను మన మందఱ మెఱుఁగుదుము. కాని వానికంటె మెల్లగను, తప్పకుండను పనిచేయు శత్రువు లిద్దఱు గలరు. ఒకటి నెమ్ము, రెండవది యిఱుకు. ఈ రెండును భవనమునుండి పుట్టునవి. కాఁబట్టి భవనచరిత్రము గ్రంథాలయచరిత్రమునకు బహిరంగము గాదు, అంతరంగమే యని నా యభిప్రాయము. దీనిని జెన్నపురియందలి కన్నెమరా గ్రంథాలయము నుదాహరణముగాఁ గొని నిరూపింపఁ బ్రయత్నించెదను.

ముందుగా శబ్దమును విచారింతము. 'ఆలయ' శబ్దము ఆఙుపసర్గపూర్వకమైన లీధాతువున కధికరణార్థమున అచ్ప్రత్యయము రాఁగా సిద్ధించినది. ఆ ధాతువునకు శ్లేషణము, అనఁగా అంటియుండుట, అర్థము. దేనియందు వస్తువు లంటి నిలిచియుండునో అది యాలయము. అధికరణము ఔపశ్లేషికము, వైషయికము, అభివ్యాపకము నని మూఁడు విధములని శాబ్దికులు చెప్పుదురు. చాపమీఁదఁ గూర్చున్నవానికి జాప యెట్లో, అరలోని పుస్తకమున కర యట్లు, ఇది యౌపశ్లేషికాధారము. ఈ యాధారమునకు మితి గలదు. నువ్వులలో నూనెవలె ఆధారమంతటను వ్యాపించి యుండుట పుస్తకముల కలవడదు. ఒక పుస్తకమున్నచోట వేఱొకటి యుండలేదు. ఇఁక గ్రంథాలయము వర్ధమానమైన ప్రాణివంటి దని కీర్తిశేషులు శియ్యాళి రామామృత రంగనాథన్‌గారు తమ పంచసూత్రములలోఁ గడపటిదానియందు జెప్పిరి. ఆ సూత్రములు 1931 సం॥న చెన్నపురిలోనే యచ్చుపడినవి. దాని నొకమాటలోఁ జెప్పవలసినచో 'వర్ధిష్ణు' వనవచ్చును. అష్టాధ్యాయి మూఁడవ యధ్యాయమున వృధుధాతువునకు ఇష్ణుచ్ ప్రత్యయము తాచ్ఛీల్యమున విహితము. పెరుఁగుట దానికి యాదృచ్ఛికము గాదు, శీలము. పెరుఁగుట శీలముగాఁ గలదానిని బెరుఁగని గోడలలో నుంచుటయే యీ చరిత్రమునకంతకును మూలమైన చిక్కు.

కన్నెమరా గ్రంథాలయమునకు బీజము పుస్తకాధిక్యముననే కలదు. ఆంగ్లదేశమున హేలీబరీ యనుచోట ఈస్టిండియాకంపెనీవారు తమ యుద్యోగులకు విద్యగఱపుట కొక కళాశాలను నడపుచుండిరి. అది 1858 సం॥న మూఁతపడెను. దాని పుస్తకశాలలో మిగిలిన ప్రతులు కొన్ని యోడనెక్కి చెన్నపురికి వచ్చెను. ప్రభుత్వమువారు వానిని ఎగ్మూరులోని పాంథియను ఆవరణమందలి వస్తుప్రదర్శనశాలకుఁ బంపిరి. అనఁగా ఒకచోటఁ జోటు లేక వెడలినవి వేఱొకచోట నుచితస్థానము లేక చేరెను. అప్పుడు ప్రదర్శనశాల కధ్యక్షుఁడైన కెప్టెన్ మిచ్చెల్ వీనిని మూలఁ బడవేయక, ప్రజ లందఱును వచ్చి చదువుకొనుట కొక పుస్తకశాల నేర్పఱుప వలయునని పూనుకొనెను. ఆ చిన్నపుస్తకశాల ప్రదర్శనశాలకుఁ దోఁకగా నుండి మెల్లమెల్లగాఁ బెరిఁగెను. ఎముకలకును, శిలలకును, విగ్రహములకును నడుమఁ బుస్తకములు కాపురముండెను.

1890 సం॥ మార్చి 22 వ తేదిని గవర్నరు కన్నెమరా ప్రభువు ప్రత్యేకభవనమునకు శంకుస్థాపనము చేసెను. ఆ సంవత్సరాంతముననే యాతఁడు పదవి వదలి స్వదేశమునకుఁ బోయెను. భవనము పూర్తియై తెఱవఁబడినది 1896 సం॥ డిసెంబరు 5 వ తేదిని. శంకువునకును బ్రవేశమునకును నడుమ నాఱేండ్లకుఁ బైఁగాఁ గడచినది. కట్టించినవాఁ డెవ్వఁడైనను బేరు మాత్రము శంకుస్థాపనము చేసినవానిదే నిలిచెను. శిల్పి హెన్రీ ఇర్విన్. మైసూరు రాజప్రాసాదమునకు రూపము గల్పించినవాఁడు నితఁడే. ఇర్విన్ చెన్నపురిలో రూపించిన భవనములలోఁ బెక్కింటికిఁ గట్టుబడిదారు తాటికొండ నంబెరుమాళ్ల శెట్టిగారు. వారి యింటిపేరు తెలుఁగువారికి వేఱుగఁ జెప్పనక్కఱలేదు.

ఆ శాల చూచినవారికి మఱపు రానిది. బర్మాటేకుతోఁ జేసిన చెక్కడపుఁ బీరువాలును, రంగుటద్దముల కిటికీలును, ఆకులు పువ్వులు దీర్చిన యెత్తైన కప్పును గలిగి యది యొక మండపమువలె నుండును. అట్టి శాలలో వెలుతురు పైనుండి వచ్చును. గాలి యెత్తున నాడును. వేఁడి పైకిఁ బోవును. విద్యుత్తు లేని నాఁడు చదువరికి నిది పరమోపకారము. కాని దీనియందే యొక లోపము గూడ నిమిడియున్నది. సౌందర్యమునకై యెత్తును, విశాలతయు నిచ్చిన శాలలో అరలకుఁ జోటు తక్కువ. మండపమున నడుమ గోడ గట్టిన మండపము చెడును. గట్టకున్న బుస్తకము వెలుపలనుండును. ఆ తరమున నైరోపాలోఁ గట్టిన పెక్కు పుస్తకశాలలకు నిదియే గతి. లండనులోని బ్రిటిషు మ్యూజియమువారు చోటు చాలక తమ నడిముంగిలినే పూడ్చి యందు వర్తులాకారమైన చదువుసాలను, దానిచుట్టు ఇనుపయరలను గట్టి 1857 సం॥న తెఱచిరి. ముంగిలియు నిండినపిదప గడపదాఁటక తప్పినది గాదు. 1997-98 సం॥లలో ఆ గ్రంథాలయము వేఱొక పేటలోని క్రొత్తభవనమునకుఁ దరలిపోయెను.

కన్నెమరా భవనము మొదటినుండియు నొక్క కుటుంబము కాపురమున్న యిల్లు గాదు. మద్రాసు లిటరరీ సొసైటీవారి పుస్తకములును, విశ్వవిద్యాలయమువారి పుస్తకములును గొంతకాల మందే యుండెను. సొసైటీవారు ఇరువదవ శతాబ్ది మొదటి దశకమున దమ సొంతభవనమునకుఁ బోయిరి. విశ్వవిద్యాలయ గ్రంథాలయము 1936 సం॥న సముద్రతీరమునఁ దన కొఱకుఁ గట్టిన భవనముఁ జేరెను. రంగనాథన్‌గారు ఆ విశ్వవిద్యాలయమునకు 1924 సం॥ మొదలుకొని గ్రంథాలయాధ్యక్షులు. పెరుఁగుటయే గ్రంథాలయముయొక్క శీల మని చెప్పినవారు గదిలో గది, గోడలో గోడ యైన కాలమును స్వయముగాఁ జూచినవారే. సూత్రకారుని సూత్రమునకు లక్ష్యము చెన్నపురియే యని నే ననను. లక్ష్యము మాత్రము కంటియెదుటనే యుండె నని చెప్పవచ్చును.

స్వాతంత్ర్యము వచ్చినపిదప మూఁడు పరిణామము లొకదానిపై నొకటి వచ్చెను. 1948 సం॥న మద్రాసు ప్రజాగ్రంథాలయముల చట్టము పుట్టెను. ఇండ్లపన్నుపై రూపాయి కింత యని గ్రంథాలయపు సెస్సు వేయుట దీనిలోని విశేషము. మనుష్యుల యిండ్లవలనఁ బుస్తకముల యిండ్లు బ్రదుకవలె నను నేర్పాటు చక్కనిది. 1950 సం॥ ఏప్రిలు 1 వ తేదిని కన్నెమరా గ్రంథాలయము రాష్ట్రకేంద్రగ్రంథాలయ మయ్యెను. 1953 సం॥ అక్టోబరు 1 వ తేదిని ఆంధ్రరాష్ట్రము వేఱుపడెను. ఉద్యోగులు, కాగితములు, బల్లలు పంచుకొనఁబడినవి గాని, కన్నెమరా యరలలోని తెలుఁగుపుస్తకములు చెన్నపురిలోనే నిలిచెను. ఆ మఱుసటియేఁడు, 1954 సం॥న, పుస్తకసమర్పణచట్టము వచ్చెను. భారతదేశమున బ్రకటింపఁబడు ప్రతిపుస్తకము నొక్కొక్క ప్రతి ప్రకాశకుఁడు తన వ్యయముననే కలకత్తాలోని జాతీయగ్రంథాలయమునకును, మఱి మూఁడు గ్రంథాలయములకును ముప్పది దినములలోఁ బంపవలయును. ఆ మూఁటిలోఁ గన్నెమరా యొకటి. 1956 సం॥న వార్తాపత్రికలు గూడ నీ నియమములోఁ జేర్పఁబడెను.

ఈ చట్టముయొక్క ఫల మెట్టిదో కొంచెము నిలిచి యాలోచింపవలయును. దీనివలనఁ బుస్తకములు కొనకయే వచ్చును. వలదని త్రోసిపుచ్చుట కవకాశము లేదు. పుస్తకము నిమ్మని ప్రకాశకుని శాసించిన చట్టము, దాని నుంచుట కర నిమ్మని యెవ్వరిని శాసింపలేదు. ఆగమము విహితము, ఆధారము విహితము గాదు. లెక్క చూతము. మూఁడడుగుల వెడల్పును, ఏడు నరలును గల బీరువా నొకదానిని దీసికొనుఁడు. అర కొకటికి ముప్పది పుస్తకములు నిండుగాఁ బట్టిన, బీరువా కిన్నూటపది. ఏఁటికిఁ బదివేల పుస్తకములు వచ్చునని యూహించినచో నలువదియెనిమిది బీరువాలు గావలయును. కాని శాస్త్రవిభాగానుసారముగాఁ బుస్తకముల నమర్చునపుడు క్రొత్తపుస్తకము కడపటికిఁ బోదు, తన విషయపు నడుమకే పోవును. కాఁబట్టి ప్రతి యరలోను మూఁడవవంతు ఖాళీ యుంచవలెను. అప్పుడు బీరువాలు డెబ్బదిరెండగును. అనఁగా ఏఁటేఁటఁ దుదిలేక పెరుఁగుచున్న రెండువందలపదునాఱడుగుల గోడ గావలయునన్నమాట. పరిశోధనగ్రంథాలయములు పదునాఱేండ్ల కొకసారి రెట్టింపగుచున్నవని ఫ్రీమాంట్ రైడర్ అను నమెరికా గ్రంథాలయాధ్యక్షుఁడు 1944 సం॥న లెక్కగట్టి చూపెను. ఆ లెక్క యన్నిచోట్ల సరిపడకున్నను, దాని వెనుకనున్న భయము మాత్ర మన్నిచోట్ల నొకటియే.

చోటు చాలనపుడు మొదట జరుగు పని చదువరి స్థలమును బుస్తకమున కిచ్చుట. బల్లలు తీసి బీరువాలు వేయుదురు. ఇది యెంతటి ప్రమాదమో తూఁకము లెక్కించినఁ దెలియును. చదువుసాల నేల చదరపుటడుగునకు అఱువది పౌనుల బరువునకును, బీరువాలసాల నేల నూటయేఁబది పౌనుల బరువునకును దాళునట్లు గట్టుట వాస్తుశిల్పుల యాచారము. పైన జెప్పిన బీరువాలో నిన్నూటపది పుస్తకము లున్నచో, ఒక్కొక్కటి పౌనున్నర యనుకొన్నను, మూఁడువందలపదునైదు పౌనులు. మనుష్యులు గూర్చుండుటకుఁ గట్టిన మేడపై నిట్టి బీరువాలను వరుసలు వరుసలుగ నిలిపిన, దూలములు వంగును; వంగిన దూలముపై గచ్చు చిట్లును; చిట్లినచోట వాననీరు దిగును. ఇఱుకే నెమ్మును బిలుచుకొని వచ్చు ననుట కిది కారణము. స్ఫుటధాతువునకు వికసన మర్థముగాఁ జెప్పుదురు. విశరణార్థమున మఱియొక స్ఫుటధాతువు గలదు. పువ్వు విచ్చుటకును, గోడ పగులుటకును శబ్దమొక్కటియే. వికసించుచున్న గ్రంథాలయము తన గోడలను దానే పగులఁగొట్టుకొనుచున్న దనినఁ బొసఁగును.

కన్నెమరావారు ఈ చిక్కునకుఁ జూచుకొనిన మార్గము క్రొత్తభవనము. 1970 వ దశకమునఁ బాతదానిప్రక్కనే మూఁడంతస్తుల భవనము లేచెను. అటుపిమ్మట నదియుఁ జాలక మఱికొంత చేర్చిరి. నిత్యము చదువువారు క్రొత్తభవనమునకుఁ బోయిరి. పాతశాల పూర్వగ్రంథములకు నిలయమై, సామాన్యుల రాకపోకలనుండి తొలఁగెను. ఈ శతాబ్దారంభమున దానికిని జీర్ణోద్ధారము జరిగెను. మండపమును మండపముగానే నిలిపి, బరువును వేఱొక కట్టడమున కప్పగించుట వివేకమైన పనియే. కాని చదువరు లడుగుపెట్టని గది పాడగుట శీఘ్రతరమని యింటిపట్టున నున్నవారి కందఱకుఁ దెలిసినదే. నిత్యము దలుపు తీసి, గాలి యాడించి, దుమ్ము దులుపువారున్నచోఁ జెదలు మొదటిదినముననే కనఁబడును. తాళము వేసిన గదిలో అవి బీరువా కూలినదినమునఁ గనఁబడును.

మరమ్మతువిషయమున నొక సంగతి చెప్పక తప్పదు. ఆ కాలపుఁ జెన్నపురి మిద్దెలు సిమెంటుతోఁ గట్టినవి గావు. టేకుదూలములపై నిటుకలను నిలువుగను, ఐమూలగను బేర్చి, పైని ఇటుకముక్కలు గలిపిన సున్నము పోసి, కరక్కాయలు, బెల్లము నానిన నీటిని జల్లుచు, కొయ్యసమ్మెటలతో దినములతరబడి కొట్టింతురు. ఈ గచ్చు గాలి పీల్చును, వదలును. వానకాలమున గ్రహించిన తడిని ఎండకాలమున విడిచిపెట్టును. దీనిలో బీఁట పడినపుడు సులభమని సిమెంటు పూసిన, తడికి వెలుపలికిఁ ద్రోవ యుండదు. అది లోనికే దిగి, గోడలో నిమిడిన దూలపుఁగొనను మగ్గఁజేయును. పైకిఁ జూడ మరమ్మతు, లోపల వినాశము. పిట్టగోడపై మొలచిన రావిమొక్కను బెఱుకకుండుటయు, వాననీటితూములలో నాకులు పేరుకొననిచ్చుటయు వేలరూపాయల పనిని లక్షలరూపాయల పని చేయును. ఏఁటికి రెండుమాఱులు, తొలకరికి ముందొకసారియు, చెన్నపురివంటి తావులఁ గార్తికపువానలకు ముందొకసారియు, నిచ్చెన వేసి మిద్దె యెక్కి చూచు మనిషి యొక్కఁ డుండిన జాలును.

ఇందులకు నా యనుభవమే యొక నిదర్శనము. నేను వ్యాకరణము చదువుకొను దినములలో నొక చిన్నపట్టణపు గ్రంథాలయమునకుఁ బోవుచుండెడివాఁడను. ఊరిపేరు చెప్పను. లోపలిగదిలో మిద్దె కాఱుచుండెను. గ్రంథాలయాధికారిగారు కాఱినచోట బీరువాను జరిపిరి. మఱుసటియేఁడు మఱియొకచోటఁ గాఱఁగా మరల జరిపిరి. మూఁడవయేఁడు జరుపుటకుఁ జోటు లేకుండెను. ఒక కార్తికమున నే నొక ప్రాచీనవ్యాఖ్యాసహితప్రబంధము నడుగఁగా, ఆయన తెచ్చి నా చేతిలోఁ బెట్టినది పుస్తకము గాదు, ఇటుక. పుటలన్నియు నొకదానికొకటి యంటుకొని యుండెను. విప్పఁబోఁగా అక్షరము లెదుటి పుటకు వెళ్లెను. 'ఏమి చేయుదును నాయనా, మూఁడుసారులు వ్రాసితిని' అని యాయన కన్నులు తుడుచుకొనెను. లీధాతువునకు శ్లేషణ మర్థమని యంతకుముందే చదివియుంటిని. దాని కంతటి క్రూరమైన యుదాహరణ ముండునని యెఱుఁగను. ఆలయము చెడినపుడు మిగులునది లయమే.

ఇచటఁ గొందఱు పూర్వపక్షము చేయుదురు. పుస్తకములను ఛాయాప్రతులుగాఁ దీసి యంత్రములందుంచిన గోడలతోఁ బని యేమి యని యొకటి. ఈ శతాబ్దారంభమున నట్టి ప్రయత్నములవలన వేలకొలఁది తెలుఁగుపుస్తకములు మన యింటికే వచ్చినవి. నేనును వానివలన నుపకారముఁ బొందినవాఁడనే. కాని తప్పిన పుటలును, వంకరపడిన పుటలును, అంచు దెగిన యధోజ్ఞాపికలును గలప్రతి చేఁబడినపుడు మూలమునే చూడవలసివచ్చును. పైఁగా తడిసి యిటుకయైన పుస్తకమునకు ఛాయ దీయువాఁ డెవ్వఁడు? ప్రతికృతి ప్రకృతి నపేక్షించును గాని నివర్తింపఁజేయదు. ఎవ్వరును జదువని పుస్తకములను దీసివేసినఁ జోటు వచ్చునని రెండవ పూర్వపక్షము. పాఠశాల పుస్తకముల పదవ ప్రతివిషయమున నిది యుక్తమే. కాని చట్టముచేఁ జేరిన యేకైకప్రతి విషయమునఁ గాదు. ఒకతరమువారు చదువనిదానినే మఱియొకతరమువారు వెదకికొనుచు వత్తురు; పరిశోధన మనఁగా నిదియే గదా. పాతభవనమును వదలి యూరివెలుపలఁ బెద్దభవనము గట్టవచ్చునని మూఁడవది. కట్టవచ్చును; కట్టవలెను గూడ. కాని క్రొత్తభవనమును మొదటిదినమునుండియే పాతబడుచుండును. నవకర్మమునకు ద్రవ్యము లేని చోట మహాభవన మనఁగా మహాశిథిలమునకుఁ బునాది.

కాఁబట్టి సిద్ధాంత మిది. గ్రంథాలయభవనమునకు శంకుస్థాపనము చేయునపుడే మూఁడు విషయములు పత్రారూఢము గావలెను. మొదటిది, ఎన్నియేండ్లకు నిండునో లెక్క వేసి, నిండినపిదప విస్తరించుటకు బ్రక్కస్థలమును విడిచియుంచుట. రెండవది, పుస్తకములు నిలుచు నేలకును మనుష్యులు గూర్చుండు నేలకును బేధమును మొదటనే నిర్ణయించి, ఒకదాని నింకొకదానిగా మార్చకుండుట. మూఁడవది, పుస్తకక్రయమునకు బ్రతిసంవత్సరము ద్రవ్య మెట్లు వేఱుగా నుంచుదురో, ఖండస్ఫుటితమునకు నట్లే వేఱుగా నుంచుట. దాని నుత్సవములకుఁ గాని, జీతములకుఁ గాని త్రిప్పకుండుట. క్రీ. శ. 1058 సం॥నాఁటి నాగవి శాసనమున ఘటికాశాలకు నేర్పఱచిన వృత్తులలో ఉపాధ్యాయులతోపాటు ఆఱుగురు సరస్వతీభాండారికులు గలరు. పుస్తకములు తమంతఁ దాము నిలువవని, వానికిఁ గాపరులు గావలెనని నాఁటివా రెఱుఁగుదురు.

తెలుఁగునాట 1901 సం॥న హైదరాబాదులో రావిచెట్టు రంగారావుగారి యింటనే శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము పుట్టినది మొదలు, మన గ్రంథాలయములు పెక్కు దాతల యిండ్లలోను, అరుఁగులమీఁదను, సత్రములలోను నారంభమైనవి. నేఁ డవి తమ తమ భవనములలో నున్నవి. వానిలోఁ బెక్కింటి కిపుడు నూఱేండ్ల వయసు. స్థాపించిన పితామహులు చేయవలసినది చేసి వెళ్లిరి. వారి శతజయంతులకు మనము పూలమాలలు వేయుచున్నాము. వారికి నిజమైన శ్రాద్ధము మిద్దెపైనున్న రావిమొక్కను బెఱుకుటయే. ఈ వ్యాసముఁ జదివిన విద్వాంసులలోఁ గొందఱైనను దమ యూరి గ్రంథాలయమునకుఁ బోయి, పుస్తక మడుగుటకు ముందు తలయెత్తి యొకసారి కప్పును జూతురేని నా శ్రమ ఫలించినట్లే.